ఫ్లైట్ లేట్ ఎక్కడ మొదలైందో డేటాలో పట్టుకోవడం ఎలా

శంషాబాద్ ఫ్లైట్ల డేటా చేతికొచ్చింది కదా అని వెంటనే డాష్‌బోర్డ్ చేసేయకండి, ముందు టైమ్‌లు చూడండి. ఏవియేషన్‌లో చాలా సిస్టమ్‌లు యూటీసీలో (ప్రపంచమంతా వాడే ఒకే ప్రామాణిక టైమ్) రాస్తాయి, మన టైమ్ దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు, నేనోసారి రెండూ కలిపేసి ఫ్లైట్లన్నీ 330 నిమిషాలు లేట్ అని చూపించా, మీటింగ్‌లో పరువు పోయింది.

తర్వాత విమానం స్టాండ్‌లో ఆగిన టైమ్ (ఆన్ బ్లాక్), మళ్లీ కదిలిన టైమ్ (ఆఫ్ బ్లాక్) తీయండి, మధ్యలోదే టర్న్‌అరౌండ్. ఈ రెండూ విమానం సొంత నంబరైన రిజిస్ట్రేషన్‌తో కలపాలి, ఫ్లైట్ నంబర్‌తో కాదు, వచ్చేటప్పుడు ఒక నంబర్ పోయేటప్పుడు ఇంకోటి ఉంటుంది మరి.

ఇక డిలే కోడ్‌లు. ఇవి లేటుకి కారణం చెప్పే నంబర్లు. 93 అంటే ముందు సెక్టార్ (దానికి ముందు ఎగిరిన ట్రిప్పు) నుంచి విమానమే లేటుగా వచ్చిందని. దీన్ని విడదీయకపోతే పొద్దున ఢిల్లీ పొగమంచులో ఆగినదానికి సాయంత్రం ఇక్కడ బ్యాగులెక్కించేవాళ్లని తిడతాం. అలాగని వదిలేయొద్దు, 40 నిమిషాలు లేటుగా వచ్చి 60 లేటుగా పోయిందంటే ఆ 20 మనదే, దానికి వేరే కోడ్ వేశారా లేదా చూడండి.

యావరేజ్ నమ్మకండి, ఒకటి రెండు బాగా లేటైనవి దాన్ని లాగేస్తాయి, మీడియన్ (సరిగ్గా మధ్యలో పడే విలువ), 90వ పర్సంటైల్ (నూటికి 90 ఫ్లైట్లు ఈ లేటు లోపే ఉంటాయి) గంటలవారీగా తీయండి.