వెల్డింగ్ గీత తప్పుతోందా? ముందు కళ్ళ సంగతి చూడండి

నాకు 58 ఏళ్లు. హైదరాబాద్ మల్కాజిగిరిలో మా డాబా మీద, తీరిక దొరికినప్పుడల్లా పూలకుండీల స్టాండ్లూ చిన్న బల్లలూ వెల్డింగ్ చేస్తుంటాను. రెండేళ్ల కిందట నా అతుకులు పాడవడం మొదలైంది. రెండు స్క్వేర్ పైపులు కలిసే గీత మీద పడాల్సిన లోహం పక్కకు పడేది. చెయ్యి వణుకుతోందేమో అనుకున్నాను. రాడ్డు మార్చాను, ఆంపియర్లు పెంచాను, ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్‌ను కూడా అనుమానించాను. చివరికి తేలిందేమిటంటే, వెల్డింగ్ చేసే దూరానికి సరిపోయే అద్దాలు నాకు లేవు. ఇదే అవస్థలో ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

జాయింటు మసకగా ఉంది, దగ్గరికి వంగితే ఇంకా మసకబారుతోంది

ఇది చత్వారం. నలభై దాటాక కంట్లో ఉండే సహజ కటకం గట్టిపడుతూ వస్తుంది, దగ్గరి వస్తువు మీద చూపు నిలపలేదు. చదువుకునే అద్దాలు ఉన్నాయి కదా అంటారు. అవి ఇంచుమించు 40 సెంటీమీటర్ల దూరానికి ఇస్తారు. కంటి వెలుగు శిబిరాల్లో చాలామందికి అందిన అద్దాలు కూడా చదువుకోవడానికే. మనం వెల్డింగ్‌లో 30 దగ్గరికి వంగుతాం, లేదా నిప్పురవ్వలకు జంకి 55 దూరంలో ఉంటాం. దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో పవరుండే ప్రోగ్రెసివ్ అద్దాలతో ఇబ్బంది ఇంకోటి: దగ్గరి చూపు భాగం అడుగున ఉంటుంది. అందులోంచి చూడాలంటే గడ్డం పైకెత్తాలి, ఎత్తగానే హెల్మెట్ కిటికీలోంచి జాయింటు తప్పిపోతుంది.

పరిష్కారం టేపుతో మొదలవుతుంది. మిషన్ ఆపేసి, హెల్మెట్ పెట్టుకుని, ఎప్పుడూ కూర్చున్నట్టే కూర్చోండి. కంటి నుంచి జాయింటు దాకా ఎన్ని సెంటీమీటర్లో ఇంట్లోవాళ్లను కొలవమనండి. 100ను ఆ అంకెతో భాగిస్తే ఆ దూరానికి కావలసిన పవరు వస్తుంది. 50 అయితే 2, 40 అయితే 2.5, 33 అయితే 3. అరవై దాటినవాళ్లకు దాదాపు ఇదంతా అద్దమే ఇవ్వాలి. యాభైల్లో ఉన్నవాళ్లకు కంటి సొంత బలం కొంత మిగిలి ఉంటుంది కాబట్టి కాస్త తగ్గుతుంది. దూరపు చూపు పవరు ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. అందుకే తుది నంబరు కళ్ళ డాక్టరే రాయాలి. మీరు మాత్రం కొలిచిన దూరం చెప్పి, "ఈ దూరానికి సింగిల్ విజన్ అద్దాలు కావాలి" అని, అంటే అద్దమంతా ఒకే పవరుండేవి, అడగండి. మెటీరియల్ సులువుగా పగలని పాలీకార్బనేట్ అయితే మేలు. అయినా గ్రైండర్ పట్టుకునేటప్పుడు పైన సేఫ్టీ గాగుల్స్ ఉండాల్సిందే.

ఇంకో దారి, నల్ల అద్దం వెనక పెట్టుకునే మాగ్నిఫయర్ లెన్స్. సాధారణంగా 51 మిల్లీమీటర్ల ఎత్తు, 108 వెడల్పు ఉంటుంది, 1 నుంచి 2.5 వరకు పవర్లలో దొరుకుతుంది. చాలా చౌక హెల్మెట్లలో దీన్ని పట్టుకునే గాడి ఉండదు. కాబట్టి హార్డ్‌వేర్ కొట్లుండే రాణిగంజ్ వెళ్లేటప్పుడు మీ హెల్మెట్ వెంట తీసుకెళ్లి, కొట్లోనే బిగించి చూసి కొనండి. దీన్ని దూరపు అద్దాల మీద వాడాలి. బైఫోకల్ అడుగు భాగంలోంచి చూస్తే రెండు పవర్లూ కలిసి జాయింటు మళ్లీ మసకవుతుంది. నా అనుభవంలో అద్దాలే మెరుగు, గీత గీసేటప్పుడూ స్లాగ్ (అతుకు మీద గట్టిపడే పెంకు) కొట్టేటప్పుడూ కూడా పనికొస్తాయి.

ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) కనిపిస్తోంది, గీత మాత్రం కనిపించడం లేదు

వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు రంగుకు తిరుగుతుంది. కంట్లోకి వెళ్లే వెలుతురే తగ్గిపోతుంది. మీ నల్ల అద్దం మీద నంబరు చూడండి, అది పెరిగేకొద్దీ అద్దం ముదురుగా ఉంటుంది. 2.5 ఎం.ఎం. రాడ్డుతో 80 ఆంపియర్ల దగ్గర 10 సరిపోతుంది. 12 వాడుతుంటే ఒక్కో నంబరూ తగ్గించి చూడండి, 8 కంటే కిందికి మాత్రం వద్దు.

ఆటో డార్కెనింగ్ హెల్మెట్ (ఆర్క్ వెలగగానే అద్దం దానంతటదే నల్లబడేది) ఉంటే, ఆర్క్ కొట్టకముందు జాయింటు మీదికి దగ్గరగా ఒక ఎల్ఈడీ లైటు పెట్టండి. ఎక్కడ మొదలుపెట్టాలో స్పష్టంగా తెలుస్తుంది. ఆర్క్ వెలిగాక ఆ లైటు పెద్దగా ఆదుకోదు. అప్పుడు కాపాడేది శుభ్రత: గీతకు రెండు పక్కలా రెడ్ ఆక్సైడ్ పెయింటు, తుప్పు పోయేలా గ్రైండ్ చేసి, పక్కనే సుద్దతో గీత గీయండి. మోచెయ్యి దేనికైనా ఆనించుకోండి.

అద్దంలో సొంత ముఖం కనిపిస్తోంది

డాబా మీద ఎండ వెనక నుంచి హెల్మెట్‌లోకి దూరి లోపలి అద్దం మీద పడుతుంది. గోడకు వీపు పెట్టి కూర్చోండి, లేదా హెల్మెట్ వెనక మందపాటి నూలు తువ్వాలు వేలాడదీయండి. పాలిస్టర్ లాంటి గుడ్డలు నిప్పురవ్వకు కరిగి చర్మానికి అతుక్కుంటాయి. ముందరి కవర్ గ్లాసు మీద చుక్కలు పడి ఉంటే మార్చేయండి, దాని ఖరీదు చాలా తక్కువ.

అద్దాలు మార్చినా మసక పోవడం లేదు

రాత్రి ఎదురొచ్చే బండ్ల లైట్లు పువ్వుల్లా విచ్చుకుని కనిపిస్తుంటే శుక్లం కావచ్చు. దానికి అద్దాలు మందు కాదు, ఆపరేషనే. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడు వెల్డింగ్ చేయాలో డాక్టరునే అడగండి. ఆపరేషన్‌లో కంట్లో మామూలు లెన్స్ వేస్తే దగ్గరి చూపుకు అప్పుడూ అద్దాలు కావాలి.

ఇంకో పరీక్ష మన దగ్గరే ఉంది. ఒక కన్ను మూసి తిన్నని పైపు అంచును చూడండి, తర్వాత రెండో కంటితో. ఏ కంటికైనా అంచు అలలా వంగి కనిపిస్తే ఆలస్యం చేయకండి, అది కంటి వెనక పొరకు సంబంధించినది కావచ్చు. మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది.

సాయంత్రం పని చేస్తే అర్ధరాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట

ఆర్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాల్చాయి. కొన్ని గంటల తర్వాతే తెలుస్తుంది. చూపు ఆనడం లేదని హెల్మెట్ ఎత్తి టాక్ (ముక్కలు కదలకుండా పెట్టే చిన్న అతుకు) వేసేవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుంది, అందుకే పైన చెప్పిన అద్దాల పని ముందు చేయించుకోమంటున్నాను. కళ్ళు నలపకండి, చల్లటి తడిగుడ్డ వేసుకుని పొద్దున్నే డాక్టరుకు చూపించండి. మొద్దుబార్చే చుక్కలు తెచ్చుకుని మాటిమాటికీ వేసుకోవద్దు. నొప్పి తెలియకుండానే నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటుంది.