‘రీల్ ఇన్’ అనే ఇంగ్లిష్ మాటను ఎలా వాడాలి?

పాకాల చెరువు దగ్గరో, మన ఊరి కట్ట మీదో గాలం వేసినవాళ్లకు వెదురు కర్రే తెలుసు. బెండు మునగగానే ఒక్క గుంజు, చేప గట్టు మీద పడుతుంది. ఆ కర్రకు రీలు ఉండదు. అందుకే ‘రీల్ ఇన్’ అంటే ‘గుంజడం’ అని రాసుకుంటాం. పొరపాటు అక్కడే మొదలవుతుంది.

ముందు రీలున్న గాలాన్ని ఊహించుకోండి. రాడ్డుకు చిన్న చక్రం, దానికి చుట్టిన దారం, తిప్పడానికి పిడి. బరువైన కొర్రమట్ట పడ్డప్పుడు ఒక్కసారిగా గుంజితే దారం తెగుతుంది. అది లాగితే కాస్త వదలాలి, అలసిపోతే చుట్టాలి. అలా చుట్టుకుంటూ దగ్గరికి తేవడమే ‘రీల్ ఇన్’. అసలు ఇంగ్లిష్‌లో రీల్ అంటే మొదట నూలు చుట్టే సాధనం, చేపల వేటకు తర్వాత వచ్చింది. జంపఖానాలు నేసే కొత్తవాడలో కండెలు చుట్టిన చేతులకు ఈ మాట నాకంటే తొందరగా పట్టుబడుతుంది.

ఇప్పుడు చేపను పక్కన పెట్టి మనుషుల్ని చూడండి. హన్మకొండలో ఒక బట్టల దుకాణం ముందు ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అని బోర్డు. చూద్దామని లోపలికి వెళ్తాం, సంచులతో బయటికి వస్తాం. ‘ద ఆఫర్ రీల్డ్ అస్ ఇన్.’ మన ‘బుట్టలో వేసుకున్నారు’కు ఇది దగ్గర. ‘గాలం వేస్తున్నారు’కు కాదు. గాలం వేసినంత మాత్రాన చేప పడాలని లేదు కదా. ఈ మాటలో కొంచెం జిత్తుల వాసన ఉంటుంది కాబట్టి, పెళ్లికి పిలిచి తెచ్చిన చుట్టాల గురించి వాడకండి.

వాక్యంలో పెట్టేటప్పుడు ఒక్క నియమం చాలు. ‘రీల్ ఇన్ ద ఫిష్’, ‘రీల్ ద ఫిష్ ఇన్’ రెండూ ఒప్పే. కానీ ఇట్, దెమ్ లాంటి సర్వనామాలు మధ్యలోనే రావాలి: ‘రీల్ ఇట్ ఇన్’. ‘రీల్ ఇన్ ఇట్’ తప్పు.

చివరగా, దీన్ని పోలిన రెండు మాటలు. ‘రెయిన్ ఇన్’లో రెయిన్ అంటే గుర్రపు పగ్గం, ఖర్చులు అదుపులో పెట్టడానికి అది వాడాలి. ‘రీల్ ఆఫ్’ అంటే ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా చెప్పేయడం.