వెన్నుపాము దెబ్బతిన్నవారు ఎఫ్‌ఈఎస్ సైకిలును ఇంట్లో వాడే విధానం

ఎఫ్‌ఈఎస్ (ఫంక్షనల్ ఎలక్ట్రికల్ స్టిమ్యులేషన్) అంటే కరెంటుతో కండరాలను పనిచేయించే పద్ధతి. ఎఫ్‌ఈఎస్ సైకిలును చక్రాల కుర్చీలో కూర్చునే తొక్కవచ్చు. తొడల మీద, పిరుదుల మీద అతికించిన ప్యాడ్ల గుండా యంత్రం కరెంటు పంపుతుంది. పెడల్ ఏ స్థానానికి వస్తే అక్కడ పనిచేయవలసిన కండరం ఆ క్షణంలో బిగుసుకుని, చచ్చుబడిన కాళ్లే పెడల్‌ను తిప్పుతాయి.

ఈ యంత్రానికి లక్షల రూపాయలు పెట్టే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. కరెంటు ప్రేరేపించేది కండరాన్ని కాదు, కండరానికి వెళ్లే నరాన్ని. మెదడు నుంచి ఆదేశం రాకపోయినా ఫరవాలేదు గాని, వెన్నుపాము నుంచి కండరం దాకా ఉన్న నరం మాత్రం బతికి ఉండాలి. మెడ దగ్గరో ఛాతీ దగ్గరో దెబ్బతిన్నవారిలో చాలామందికి ఆ నరం బాగానే ఉంటుంది. నడుము దిగువన నరాల కట్ట నలిగినవారికి, పోలియోతో కాళ్లు సన్నబడినవారికి సాధారణంగా ఈ సైకిలు పనిచేయదు. ఫిజియోథెరపిస్టు కరెంటు పంపే చిన్న పరికరంతో (స్టిమ్యులేటరు) తొడ కండరాన్ని పరీక్షిస్తే ఆ పూటే తెలిసిపోతుంది కనుక, ఆ పరీక్ష కాకుండా బయానా కూడా ఇవ్వవద్దు.

పేస్‌మేకరు ఉన్నవారు, గర్భిణులు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవారు, ఎముక విరిగి ఇంకా అతకనివారు దీన్ని వాడకూడదు. ఏళ్ల తరబడి బరువు మోయని కాళ్లలో, ముఖ్యంగా మోకాలి చుట్టూ, ఎముకలు గుల్లబారి ఉంటాయి కాబట్టి ఎముకల గట్టిదనాన్ని కొలిచే డెక్సా స్కాన్ చేయించి డాక్టరు అనుమతితోనే మొదలుపెట్టాలి. స్పర్శ లేని కాలిలో ఎముక విరిగినా నొప్పి తెలియదు. మోకాలి దగ్గర హఠాత్తుగా వాపు, వేడి కనిపిస్తే సైకిలు ఆపి ఎక్స్‌రే తీయించాలి.

మన ఇళ్లలో చచ్చుబడిన కాళ్లకు రోజూ నూనె మర్దన చేయడం అలవాటు. సైకిలు తొక్కే రోజు మాత్రం మర్దన తరువాతికి వాయిదా వేయండి. నూనె పొర ఉన్నచోట ప్యాడ్ సరిగా అతుక్కోదు; అతుక్కున్న కొద్ది చోటులోనే కరెంటంతా పోగై చర్మం కాలవచ్చు. చర్మాన్ని సబ్బుతో కడిగి పొడిగా తుడవాలి. వెంట్రుకలను కత్తెరతో పొట్టిగా కత్తిరించాలే గాని గీయకూడదు. తొడ ముందు భాగంలో ఒక ప్యాడ్ పైన, కాస్త బయటి వైపుకు. రెండోది మోకాలి చిప్పకు పైన, కాస్త లోపలి వైపుకు రావాలి. థెరపిస్టు మొదటిసారి అతికించినప్పుడే ఫోటో తీసి పెట్టుకుంటే ఇంట్లో ఎవరు అతికించినా స్థానం మారదు. జిగురు ఎండిన ప్యాడ్లను మార్చివేయాలి. అతికించేటప్పుడు, తీసేటప్పుడు కరెంటు ఆపి ఉండాలి.

మొదటి వారాల్లో అయిదు పది నిమిషాలకే కాళ్లు ఆగిపోతే నిరాశ పడకండి. మామూలుగా మనం కదిలినప్పుడు కండరంలోని పోగులు వంతులవారీగా పనిచేస్తాయి. కరెంటు మాత్రం ఒకే గుంపును ప్రతిసారీ ఒక్కసారిగా లేపుతుంది, అందుకే అలసట అంత తొందరగా వస్తుంది. అలసిన కండరానికి కరెంటు పెంచుతూ పోవడం సరికాదు. రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు చేస్తూ, నెలల మీద అరగంటకు చేరుకోవాలి. దీనివల్ల కండరం నిండుతుంది, రక్తప్రసరణ మెరుగవుతుంది. అయితే నడక తిరిగి వస్తుందని ఎవరైనా చెప్పి అమ్మితే నమ్మవద్దు.

ఛాతీలోని ఆరో వెన్నుపూస వద్దగాని అంతకు పైనగాని దెబ్బతిన్నవారికి బీపీ హఠాత్తుగా ప్రమాదకరంగా పెరగవచ్చు, కాబట్టి వారి పక్కన ఎప్పుడూ ఒక మనిషి, ఒక బీపీ మిషను ఉండాలి. తల పగిలిపోతున్నంత నొప్పి, ముఖం ఎర్రబడి చెమట పట్టడం, మామూలు కంటే పై బీపీ 20 నుంచి 40 పెరగడం ప్రమాద సూచనలు. వెంటనే యంత్రం ఆపి, మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, మూత్రాశయం నిండిందా, మూత్రం పోయే గొట్టం మడత పడిందా అని చూడాలి. బీపీ దిగకపోతే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. తొక్కడానికి ముందే మూత్రాశయం ఖాళీ చేసుకుంటే ఈ ముప్పు చాలావరకు తగ్గుతుంది.

ముగించాక ప్యాడ్ల కింది చర్మాన్ని, పిరుదులను, మడమలను అద్దంతో చూడండి. లేత ఎరుపు కాసేపటికి పోతుంది. మర్నాటికీ మిగిలితే, ఆ చోటు పూర్తిగా మానేదాకా ప్యాడ్ పెట్టవద్దు.