కాటలీనా 22 స్వింగ్ కీల్: అరిగిన పిన్ను మార్చి పడవను దింపిన తీరు

కాటలీనా 22 చిన్న తెరచాప పడవ; దాని అడుగున పైకీ కిందికీ తిప్పగలిగే బరువైన రెక్కే స్వింగ్ కీల్. లంగరేసి ఉన్నప్పుడు అడుగు నుంచి ‘టక్ టక్’ చప్పుడు వస్తుంటే ముందు పివట్ పిన్నునే, అంటే కీల్ తిరిగే ఇరుసునే అనుమానించాలి. ఈ కీల్ దాదాపు 250 కిలోల పోత ఇనుము. అది పక్కలకు కొట్టుకుని కొట్టుకుని అంగుళం మందం కంచు పిన్నుకు గాడి పడుతుంది. కింద జాకీ, చెక్క దిమ్మలు గట్టిగా కుదిరాకే బోల్టులు విప్పాను. ఇక్కడ తొందరపడితే వేళ్లు నలుగుతాయి. కొత్త పిన్నుతోపాటు రెండు పక్కలా వాషర్లు వేస్తే ఊగడం తగ్గింది. తుప్పు గీకిన ఇనుముకు అదే రోజు ఎపాక్సీ పూయాలి, రాత్రి వదిలేస్తే మళ్లీ ఎర్రబడుతుంది. కీల్‌ను పైకి లాగే కేబుల్‌లో ఒక్క పోగు తెగినా మార్చాల్సిందే.

పడవను నీళ్లలోకి దించే ర్యాంపు దగ్గర తలపైన కరెంటు తీగలు లేవని చూసుకున్నాకే మాస్ట్ (తెరచాప స్తంభం) నిలబెట్టాలి. ట్రైలర్ చక్రాల హబ్‌లు చల్లారనివ్వండి; వేడి మీద ముంచితే బేరింగుల్లోకి నీళ్లు లాక్కుంటాయి. పడవ తేలాక, దాని ముందు భాగాన్ని ట్రైలర్‌కు కట్టిన పట్టీ విప్పకుండానే, కీల్ కేబుల్ వెళ్లే గొట్టం మొదట్లో వేలితో తడిమాను. చెమ్మ తగిలింది. గొట్టాన్ని పట్టి ఉంచే క్లిప్పు అర చుట్టు బిగిస్తే ఆగింది.