కొత్త ట్రిక్కుకు పేరు పెట్టడం ఎలా

పేరు వెతికే ముందు ఒక పని చేయండి. మీ మ్యాజిక్ ట్రిక్కు చూసినవాళ్ళు ఇంటికెళ్ళి దాని గురించి ఏం చెబుతారో ఒక్క వాక్యంలో రాయండి. మీ చేతులు ఏం చేశాయన్నది వద్దు, వాళ్ళ కళ్ళకు కనిపించింది మాత్రమే రాయండి. పేరు ఆ వాక్యంలోంచే పుట్టాలి. వాక్యం కుదరడం లేదంటే సాధారణంగా లోపం ట్రిక్కులోనే ఉంటుంది: ఒకే ఐటెమ్‌లో రెండు మూడు వింతలు ఇరికించి ఉంటారు. ముందు అది సరిచేసుకోండి.

ఈ ఐటెమ్ చూడండి. ప్రేక్షకుల్లో ఒకరి దగ్గర పది రూపాయల బిళ్ళ తీసుకుని, దానిమీద మార్కర్‌తో సంతకం పెట్టిస్తారు. బిళ్ళ గుప్పిట్లోంచి మాయమవుతుంది. మొదటినుంచీ భుజాన ఉన్న కండువా కొసన ముడి విప్పితే అదే బిళ్ళ, అదే సంతకం.

వెంటనే తట్టే పేరు 'ముడిలో బిళ్ళ'. అది ముగింపును ముందే చెప్పేస్తుంది. పేరు వినగానే అందరి చూపూ కండువా మీదికి పోతుంది, సరిగ్గా పోకూడని సమయంలో. 'జారుముడి' అంటే ఇంకా ప్రమాదం, రహస్యం ముడి కట్టిన తీరులో ఉందని అనుమానం రేపుతుంది. 'మాయా నాణెం' వల్ల నష్టం లేదు, లాభమూ లేదు. నాణెంతో చేసే ఏ ఐటెమ్‌కైనా అతుకుతుంది. 'అమ్మమ్మ బ్యాంకు' అని చూడండి. డబ్బు వ్యవహారమని తెలుస్తుంది, అది ఎక్కడ తేలుతుందో తెలియదు. ముడి విప్పగానే, కొంగున చిల్లర ముడేసుకునే అమ్మమ్మను చూసిన ప్రతివారికీ పేరు వెలుగుతుంది. పైగా స్టేజీ మీద చెప్పాల్సిన మాటలు కూడా ఆ పేరే అందిస్తుంది. అలా మాటలు పుట్టించే పేరు దొరికితే వదలకండి.

నిలిచిన పేర్లన్నీ ఒకే దారిలో పోలేదు. ఇంద్రజాలికుడు రాబర్ట్ హార్బిన్ 1965 నాటి 'జిగ్ జాగ్ గర్ల్'లో పెట్టెలో నిలబడ్డ అమ్మాయి నడుము భాగం పక్కకు జరిగిపోతుంది, కంటికి కనిపించే ఆ ఆకారాన్నే అది పేరుగా చేసుకుంది. మధ్యలో పెట్టిన పేకముక్క మళ్ళీ మళ్ళీ పైకొచ్చే 'యాంబిషస్ కార్డ్'లో ముక్కకే ఒక స్వభావం అబ్బింది. పాల్ కర్రీ 1942లో తెచ్చిన 'అవుట్ ఆఫ్ దిస్ వరల్డ్'లో పేక ఊసే లేదు. ప్రేక్షకుడు ముక్కలు చూడకుండానే ఎరుపు, నలుపు వేరుచేస్తాడు కాబట్టి అంత పెద్ద పేరును ఆ ట్రిక్కు మోసింది. చిన్న ఐటెమ్‌కు అలాంటి పేరు పెడితే చప్పట్లు తగ్గుతాయి, ఆశ పెంచి తీర్చలేదు కనుక. పి.సి. సర్కార్ 'వాటర్ ఆఫ్ ఇండియా' దారి వేరు: ఖాళీ చేసిన పాత్రలోంచి ప్రదర్శన పొడవునా మళ్ళీ మళ్ళీ నీళ్ళు వస్తుంటాయి. అలా తిరిగి తిరిగి వచ్చే ఐటెమ్‌కు మైకులో తేలిగ్గా పలికే పేరు కావాలి.

కూర్చుని ఇరవై పేర్లు రాయండి, రాసేటప్పుడు ఏదీ కొట్టేయవద్దు. మర్నాడు 'అద్భుత', 'మాయా', 'మ్యాజిక్' తగిలించినవి తీసేయండి. మిగిలినవాటిని, ట్రిక్కు చూడని మనిషికి ఫోనులో ఒక్కసారి చెప్పండి. మళ్ళీ చెప్పమని అడిగితే పలకడంలో ఇబ్బంది ఉన్నట్టే. ఏం జరుగుతుందో ఊహించమనండి. ముగింపు చెప్పేస్తే ఆ పేరు పనికిరాదు.

తర్వాత, అది ఇంతకుముందే ఎవరిదైనా అయిందేమో వెతకండి. అచ్చయిన ట్రిక్కుల ఆన్‌లైన్ సూచిక 'కంజ్యూరింగ్ ఆర్కైవ్'లోనూ, ట్రిక్కులమ్మే దుకాణాల కేటలాగుల్లోనూ, యూట్యూబులోనూ చూడండి. 'ట్రయంఫ్' అంటే ఇంద్రజాలికులకు డై వెర్నన్ 1946లో ప్రచురించిన పేక ట్రిక్కే గుర్తొస్తుంది. మీది దానికి మార్పు అయితే పాత పేరుకు '2.0' తగిలించకండి. సొంత పేరు పెట్టి, ఎవరి ఆలోచన మీద కట్టారో మీ నోట్సులో స్పష్టంగా రాయండి. అది మర్యాద మాత్రమే కాదు, రేపు ఎవరైనా అడిగితే మీకే ఆధారం.

నోట్‌బుక్కులో మాత్రం పద్ధతి తెలిసే పేరు ఉండాలి: 'ముడి-3, ఎడమ జేబు' లాంటిది. అది పోస్టరు మీదికీ, వీడియో శీర్షికలోకీ రాకూడదు. సౌండ్ ఆపరేటర్‌కూ, యాంకర్‌కూ ఇచ్చే కాగితంలో స్టేజీ పేరొక్కటే రాయండి. యాంకర్ దాన్ని ముందే ప్రకటించాలో, మీరు చివర్లో చెప్పుకుంటారో కూడా పక్కనే రాసివ్వండి. 'అమ్మమ్మ బ్యాంకు' లాంటిదైతే ముందే చదివించండి, ముడి విప్పేసరికి జనానికి గుర్తుండాలి.