తల్లిదండ్రుల వీలునామా: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎలా రాయించాలి?

ఉద్దానం వైపు చాలా ఇళ్లలో కొడుకు చెన్నైలోనో హైదరాబాదులోనో ఉంటాడు, కూతురు బరంపురంలో మెట్టింట ఉంటుంది, కొబ్బరి తోటా ఇల్లూ చూసుకుంటూ ఊళ్లో పెద్దవాళ్లిద్దరే మిగులుతారు. పండక్కి అందరూ కలిసినప్పుడు ఆస్తి మాట వస్తే, గిఫ్ట్ దస్తావేజు రాసేస్తే ఓ పనైపోతుందంటారు. తొందరపడకండి. గిఫ్ట్ రిజిస్టరైతే ఆస్తి చేయి దాటిపోయినట్టే. వీలునామా అలా కాదు. రాసినవారు పోయాకే అమల్లోకి వస్తుంది, బతికున్నన్నాళ్లూ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, స్టాంపు డ్యూటీ లేదు. అమ్మ పేరున ఆస్తి ఉంటే ఆమె వీలునామా వేరుగా రాయాలి.

1. ముందు కాగితాలు

1బీ (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు), పట్టాదారు పాసుపుస్తకం, పాత దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) దగ్గర పెట్టుకోండి. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. దస్తావేజులో ఒకటి, 1బీలో ఇంకొకటి కనిపిస్తుంది కాబట్టి వీలునామాలో రెండూ రాయాలి. ఎకరాలు, సెంట్లు, నాలుగు హద్దులు, ఇంటికి డోర్ నంబరు ఉండాలి. "నా పొలమంతా పెద్దోడికి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, ఏ పొలమన్న దగ్గరే తగువు మొదలవుతుంది. డి-పట్టా భూమి (ప్రభుత్వం పేదలకిచ్చినది) ఉంటే జిరాయితీతో (సొంత పట్టా భూమితో) కలపకుండా విడిగా చూపండి.

2. రాసే హక్కు ఎంతవరకు?

హిందూ కుటుంబంలో స్వార్జితమైతే ఇష్టమొచ్చినవారికి రాయవచ్చు. పిత్రార్జితమైతే నాన్న తన వాటా వరకే రాయగలరు. 2005 సవరణతో అందులో కూతురికీ కొడుకుతో సమానమైన హక్కుంది. పెళ్లిలో కట్నం, పసుపు కుంకుమ ఇచ్చేశామన్నంత మాత్రాన ఆ హక్కు పోదు. స్వార్జితంలో ఎవరికైనా తక్కువ ఇస్తున్నా, ఇవ్వకపోయినా కారణం రెండు వాక్యాల్లో రాయించండి. కారణం లేకుండా ఒక బిడ్డను వదిలేసిన వీలునామాను కోర్టు అనుమానంగా చూడొచ్చు.

3. మిగిలే మనిషి సంగతి

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. నాన్న ముందు పోతే అమ్మ ఎక్కడుంటుంది, ఏం తింటుంది? చాలా వీలునామాల్లో "నా భార్య అనుభవించి, తర్వాత కొడుకులు పంచుకోవాలి" అని రాసేస్తారు. అమ్మకు పూర్తి హక్కా, జీవితకాల అనుభవమేనా అన్నది ఆ మాటతో తేలదు. పైగా పోషణ హక్కుకు బదులుగా ఇచ్చిన ఆస్తి భార్యకు పూర్తి హక్కుగా మారుతుందని సుప్రీంకోర్టు 1977లో తులసమ్మ కేసులో చెప్పింది. అందుకే ఈ పేరా మాత్రం దస్తావేజు లేఖరికి వదిలేయకుండా న్యాయవాది చేత రాయించండి. కనీసం ఇల్లూ, బ్యాంకు డిపాజిట్లూ అమ్మకు పూర్తి హక్కుతో ఇవ్వడం మంచిదని మా అభిప్రాయం.

4. సంతకాలు

ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రాసినవారు సంతకం గానీ వేలిముద్ర గానీ వేయడం చూసి, వారి ఎదుటే సాక్షులు సంతకం చేయాలి. రేపు తగువొస్తే వీరిలో ఒకరైనా కోర్టుకు వచ్చి చెప్పాలి. అందుకని వయసులో చిన్నవారు, ఊళ్లో దొరికేవారు కావాలి. ఆస్తి అందుకునేవారినీ, వారి భార్యాభర్తలనూ సాక్షులుగా పెట్టొద్దు. ప్రతి పేజీ మీదా సంతకం, తేదీ, "ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు" అన్న వాక్యం ఉండాలి. పెద్దలకు జబ్బుగా ఉంటే, మతి స్థిమితంగా ఉన్నారని అదే రోజు తేదీతో డాక్టరు సర్టిఫికెట్ తీసుకోండి.

5. రిజిస్ట్రేషన్

చట్టప్రకారం తప్పనిసరి కాదు, అయినా చేయించండి. పొలం కంచిలిలో ఉన్నా, శ్రీకాకుళంలో ఉంటూ రాసినవారు శ్రీకాకుళం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే చేయించుకోవచ్చు. మంచం దిగలేని స్థితిలో ఉంటే దరఖాస్తు పెట్టి, ఫీజు కడితే అధికారి ఇంటికి వస్తారు. రిజిస్టరైన దాన్ని కూడా తర్వాత సక్రమంగా రాసిన మామూలు వీలునామా రద్దు చేస్తుంది, కాబట్టి మార్చినప్పుడల్లా మళ్లీ రిజిస్టర్ చేయించాలి.

6. పక్కనే ఉండే చిక్కులు

బ్యాంకు నామినీ డబ్బు తీసుకోవడానికే. అది చివరికి ఎవరికి చెందాలో వీలునామా, వారసత్వ చట్టం తేలుస్తాయి. జీపీఏ (మన తరఫున పనులు చేయడానికి ఇంకొకరికి ఇచ్చే అధికార పత్రం) కూడా వీలునామాకు బదులు కాదు. ఇచ్చిన మనిషి చనిపోయినా, మతి తప్పినా అది చెల్లదు.

గిఫ్టే రాయక తప్పకపోతే, "నా తిండి, బట్ట, వైద్యం చూసుకోవాలన్న షరతు మీద ఇస్తున్నాను" అని దస్తావేజులోనే రాయించండి. ఇచ్చినవారికి 60 ఏళ్లు నిండి, పుచ్చుకున్నవారు మాట తప్పితే, 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం సెక్షన్ 23 కింద ఆ దస్తావేజు రద్దు కోరవచ్చు. అర్జీ ఇవ్వాల్సింది మీ డివిజన్ ఆర్డీవో ఆఫీసులో: శ్రీకాకుళం జిల్లాలో శ్రీకాకుళం, టెక్కలి, పలాస, విజయనగరం జిల్లాలో విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లి.