ఓపెన్ సోర్స్ డాక్యుమెంటేషన్‌ను కొత్తవారికి పనికివచ్చేలా, తాజాగా ఉంచే పద్ధతి

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ ఎక్కడ పాతబడిందో రాసినవారికి సాధారణంగా కనబడదు. వారి కంప్యూటర్‌లో కావలసినవన్నీ ఎప్పుడో ఇన్‌స్టాల్ అయి ఉంటాయి. అందువల్ల అనంతపురం జేఎన్‌టీయూలోనో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో కొత్తగా చేరిన విద్యార్థి ఒకరిని కూర్చోబెట్టి, ఏమీ ఇన్‌స్టాల్ చేయని వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే నడిచే మరో కంప్యూటర్) డాక్యుమెంటేషన్ పేజీలోని కమాండ్లను ఉన్నవి ఉన్నట్టు ఇవ్వమనడంతో పని మొదలుపెట్టండి. పక్కన కూర్చున్న మీరు నోరు మెదపకూడదు. ఏ వరుస దగ్గర చేయి ఆగిందో, ఏ మాటకు అర్థం వెతకడానికి బ్రౌజర్ తెరిచారో రాసుకోండి. చెప్పేద్దామని మీ నోటిదాకా వచ్చిన మాటే పేజీలో లోపించిన వాక్యం.

ముందుగా బయటపడేవి ఇన్‌స్టాలేషన్ విభాగంలోని లోపాలే. పైథాన్ ప్యాకేజీలను అడ్మిన్ అధికారంతో సిస్టమ్ మొత్తానికి ఇన్‌స్టాల్ చేసే ‘సుడో పిప్ ఇన్‌స్టాల్’ కమాండ్‌ను చెప్పే పేజీలు ఇప్పటికీ కొల్లలు. 2023లో విడుదలైన డెబియన్ 12 అనే లినక్స్‌లో ఆ కమాండ్ ఎర్రర్‌తో ఆగిపోతుంది; ఆపరేటింగ్ సిస్టమ్ తన అవసరాలకు వాడుకునే పైథాన్ ప్యాకేజీలను పిప్ చెడగొట్టకుండా అందులో కట్టడి పెట్టారు. దారి తెలియని కొత్తవారు ఆ ఎర్రర్‌లోనే కనిపించే ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ ఆప్షన్‌ను తగిలించి ముందుకు పోతారు. కాబట్టి ప్రాజెక్టు ప్యాకేజీలను సిస్టమ్‌వాటితో కలపకుండా విడిగా ఉంచే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను తయారుచేసి యాక్టివేట్ చేసే కమాండ్లను విండోస్‌కు, లినక్స్‌కు వేర్వేరుగా ఇచ్చి, ఆ తరువాత ప్రాంప్ట్ ముందు దాని పేరు బ్రాకెట్లలో కనిపించాలని కూడా రాయండి. కోడ్‌ను ఉంచి పంచుకునే గిట్‌హబ్ సైటు సైతం 2021 ఆగస్టు 13 నుంచి గిట్ కమాండ్లకు అకౌంట్ పాస్‌వర్డును అంగీకరించడం లేదు. పాస్‌వర్డుకు బదులు వాడే టోకెన్ గురించి గానీ ఎస్ఎస్‌హెచ్ కీ గురించి గానీ చెప్పని పేజీ కొత్తవారిని పుష్ (తమ మార్పులను గిట్‌హబ్‌కు పంపడం) దగ్గరే నిలిపేస్తుంది.

డౌన్‌లోడ్ సైజును మొదట్లోనే చెప్పడం చాలామంది మరచిపోయే మర్యాద. కర్నూలులో హాస్టల్ గదిలో ఫోన్ హాట్‌స్పాట్ మీద పెద్ద డాకర్ ఇమేజ్ (ప్రోగ్రామ్‌ను దానికి కావలసినవన్నీ కలిపి కట్టిన మూట) దించుకుంటున్నవారికి సగంలో ఆ రోజు డేటా అయిపోతే, మళ్ళీ మన ప్రాజెక్టు వైపు చూడరు. ఎర్రర్ సందేశాలను స్క్రీన్‌షాట్లుగా కాక అక్షరాలుగానే పెట్టండి, వెతికినప్పుడు దొరుకుతాయి.

తాజాగా ఉంచడానికి, డాక్యుమెంటేషన్ కోడ్ ఉన్న రిపాజిటరీలోనే (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే చోటు) ఉండాలి. ప్రోగ్రామ్ ప్రవర్తనను మార్చే పుల్ రిక్వెస్టులో (మార్పును చేర్చుకోమని పంపే అభ్యర్థన) సంబంధిత పేజీ మార్పు లేకపోతే దాన్ని మెర్జ్ చేయకండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. పైథాన్ ఉదాహరణల్లోని తప్పులను వాటిని నడిపి చూసే డాక్‌టెస్ట్‌తోనూ, చెడిపోయిన లింకులను డాక్యుమెంటేషన్ పేజీలను తయారుచేసే స్ఫింక్స్‌లోని లింక్‌చెక్‌తోనూ యంత్రమే పట్టుకుంటుంది.

తెలుగు అనువాదం ఉన్న ప్రాజెక్టులలో మరొక జాగ్రత్త అవసరం. ఇంగ్లీషు వాక్యం స్వల్పంగా మారినప్పుడు, అనువాదాలు ఉండే పీఓ ఫైలును అప్‌డేట్ చేస్తే పాత అనువాదానికి ‘ఫజీ’ (మళ్ళీ సరిచూడాలి) అనే గుర్తు పడుతుంది. మామూలు సెట్టింగులలో స్ఫింక్స్ దాన్ని వాడదు కనుక, తెలుగు పేజీ నడుమ హఠాత్తుగా ఇంగ్లీషు వాక్యం ప్రత్యక్షమవుతుంది. అందుచేత ప్రతి విడుదలకు ముందు ఫజీ వాక్యాలను వెదికి, మూలంతో పోల్చి సరిదిద్దిన తరువాతే ఆ గుర్తు తీసివేయండి.